పచ్చ అంటే ఏ పచ్చ

సకల జనుల సమ్మె మొదలయ్యాక మా బడికి తాళం పడింది. ఉపాధ్యాయులం పొద్దున్నే ఎల్‌.బి.నగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చునేవాళ్లం. మధ్యాహ్నం ఎవరిళ్లకు వాళ్లు పోయేవాళ్లు. నేను మాత్రం టెంటు విప్పే దాకా ఉండేవాణ్ణి. ఆ ఏడు ఆషాఢంలో నా భార్య కుసుమకుమారి పోయింది. ఇంటికి త్వరగా వెళ్లవలసిన పని నాకు లేదు.

మా ఇంటి కింది వాటాలో సైదులు కిరాయికి ఉండేవాడు. మాదీ వాళ్లదీ నల్లగొండ జిల్లాలో పక్కపక్క ఊళ్లు. చాలా ఏళ్లు ఆటో నడిపాడు. ఆ వేసవిలో ఏమనిపించిందో, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ప్లాస్టిక్ కప్పున్న పాలీహౌస్ షెడ్డొకటి కౌలుకు తీసుకుని కీరదోస పెట్టాడు. అతని భార్య జ్యోతిక ఒకటే మాట అంది. ఈ ఒక్క పంట చూస్తుందట. పండితే ఇద్దరూ రైతులే. ఎండితే అతను మళ్లీ ఆటో ఎక్కాలి, ఇంట్లో ఇక సేద్యం మాట ఎత్తకూడదు.

ఆ రోజు టెంటుకు బయలుదేరబోతుంటే సైదులు ప్లాస్టిక్ సంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"సార్, జర నాతోని దిల్‌సుఖ్‌నగర్ దాక రావాలె. ఆ ల్యాబ్ ఆయనతోని పంచాయితి ఉంది."

"ఏమైంది సైదులూ?"

సంచీని గడప ముందు బోర్లించాడు. కీరదోస ఆకులు. అరచేయంత వెడల్పున్నవి, పసుపు నీళ్లలో ముంచి తీసినట్టు ఉన్నాయి.

"వీటిని సూస్తె మీకు ఎట్లనిపిస్తుంది సార్?"

"బాధగా ఉంది."

"మీకు బాధైంది గద. ఆయనకేమో సంబురమైంది. ఆకులు గిట్లయితున్నయని ఫోన్ చేస్తె శుభం అన్నడు. ఇంకా గిట్లయినయంటె భేష్ అన్నడు. నిన్న తోటంత గిట్లనే అయిందంటె చప్పట్లు కొట్టిండు సార్. నా చెవుల వినవడ్డది. తెలంగాణ వస్తదని గాయనకు కడుపుమంటనా, ఏంది?"

"మట్టి పరీక్ష చేసే మనిషికి రాష్ట్రాలతో ఏం పని?"

"మరి ఎందుకు కొట్టిండు చప్పట్లు?"

ముందు జరిగింది కూడా చెప్పాడు. నారు పెట్టిన కొత్తలో సైదులు ప్రేమకొద్దీ ఎరువు ఎక్కువ పోశాడు. ఆకుల అంచులు కాలినట్టయ్యాయి. ఎవరో చెబితే దిల్‌సుఖ్‌నగర్‌లో సాంబమూర్తి గారనే ఆయన దగ్గరికి మట్టి తీసుకుపోయాడు. ఆయన పరీక్ష చేసి, మట్టిలో లవణాలు పేరుకున్నాయి, ఎరువు పూర్తిగా ఆపేసి ఉత్త నీళ్లు పారించండి, ఆకుల రంగు ఎలా మారుతుందో ఫోన్ చేసి చెబుతూ ఉండండి అన్నారు. సైదులు చెప్పినట్టే చేశాడు. తోట ఇలా అయింది.

"జ్యోతిక ఏమంటోంది?"

"పొద్దుగాలనే ఇద్దరు కూలోళ్లను తీస్కొని పోయింది సార్, చెట్లు పీకనీకె. షెడ్డు ఇంకెవరో అడుగుతున్నరంట. నేను ఆయన్ను ఒకపారి అడిగొస్త, ఆగు అని కాళ్లు మొక్కినంత పనిచేసిన. బువ్వ తినేదాక ఆగుత, తిన్నంక పీకుత అన్నది."

"నేనొచ్చి ఏం చేస్తాను? నాకు మట్టి సంగతి తెలియదు. నేను చెప్పేది తెలుగు."

"గందుకే సార్. ఆయనది ఆంధ్ర. మీ అత్తగారిల్లు గూడ ఆ దిక్కే గద. వాళ్ల మాట మీకు తెల్సు." అని చటుక్కున ఆగాడు. తల దించుకున్నాడు. "తప్పైంది సార్."

"తప్పేం లేదు. ఆటో తియ్యి."

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండే సందులో, టిఫిన్ సెంటర్ పైన ఒక గది అది. నేలంతా పాత పేపర్లు పరిచి, వాటి మీద మట్టి కుప్పలు ఆరబోసి ఉన్నాయి. కుప్పకొక చీటీ. కింద దోసెల వాసన, పైన తడిమట్టి వాసన. సాంబమూర్తి గారు పొట్టిగా, చురుగ్గా ఉన్నారు. తెనాలిలో ఉద్యోగం విరమించి, కూతురి దగ్గరికి వచ్చి, ఊరికే కూర్చోలేక ఆ ఏడే ఈ గది తెరిచారట. సైదుల్ని చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"రండి రండి సైదులు గారూ! తోట కళకళలాడిపోతోందటగా!"

సైదులు నావైపు తిరిగాడు. "ఇన్నరా సార్? నేను అబద్ధం చెప్పిన్నా?"

"ఈయనెవరండీ?"

"మా రామస్వామి సార్. తెలుగు సార్. ఆయన ముంగటనే అడుగుత. నేను మీకు ఫోన్ల ఏం చెప్పిన?"

"ఆకులు పచ్చబడుతున్నాయన్నారు."

"మీరేమన్నరు?"

"శుభం అన్నాను."

"మల్ల చేసి ఏం చెప్పిన?"

"ఇంకా పచ్చబడ్డాయన్నారు. భేష్, నీళ్లు అలాగే పెట్టండి అన్నాను."

"నిన్న?"

"తోట మొత్తం పచ్చగైపోయిందన్నారు. నాకెంత ఆనందం వేసిందనుకున్నారు! మా అమ్మాయిని పిలిచి మరీ చెప్పానండీ, మన సలహాతో ఒక తోట బతికిందని. రాత్రి స్వీటు కూడా తెప్పించుకున్నాం."

"స్వీటు తిన్నరా!" సైదులు గొంతు గది దాటి టిఫిన్ సెంటర్ దాకా పోయింది. "సార్, నా తోట సస్తె ఈయన స్వీటు తిన్నడంట!"

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. గోడ పట్టుకుని నిలబడి నవ్వాను. ఇద్దరూ నావైపు వింతగా చూశారు. ఆషాఢం తర్వాత నేను నవ్వడం అదే మొదలని వాళ్లకు తెలియదు.

సైదులు మళ్లీ ఆకులు నింపి తెచ్చిన సంచీ తీసుకుని బల్ల మీద గుమ్మరించాను.

సాంబమూర్తి గారు ఒక ఆకు తీసి వెలుగుకు పెట్టి చూశారు.

"ఇది పసుపు రంగు కదండీ! దీన్ని పచ్చ అంటారేమిటి?"

"పచ్చ కాకుంటె ఏంది? పచ్చకామెర్లను మీ దిక్కు ఏమంటరు?"

"పచ్చకామెర్లే అంటాం..." ఆయన ఆగారు. "మరి పచ్చగడ్డి?"

"గది గడ్డి సార్! గడ్డి సంగతి వేరే!"

"పచ్చిమిరపకాయ?"

"గది పచ్చిది. పచ్చది కాదు."

ఇది నాకు కొత్త తగువు కాదు. పెళ్లయిన మొదటి దీపావళికి కుసుమ పచ్చచీర అడిగింది. నేను కోఠీ అంతా తిరిగి, బంతిపూవు లాంటి చీర తెచ్చాను. ఆమె విప్పి చూసి, ముందు నన్ను చూసి, తర్వాత చీరను చూసి, కూలబడి నవ్వింది. మా అమ్మ వచ్చి, మంచి పచ్చచీరనే గదా తెచ్చిండు, ఎందుకు నవ్వుతవు బిడ్డా అని అడిగింది. దాంతో ఇంకా నవ్వింది. ఆ చీరే కట్టుకుంది. తర్వాత ఇన్నేళ్లలో మా ఇంట్లో రెండు తెలుగులు ఉండేవి. ఇప్పుడు ఒకటే ఉంది.

ఇదంతా వాళ్లకు చెప్పలేదు. రంగు సంగతి మాత్రం విడమరిచి చెప్పాను. మా వైపు ఆకు పచ్చబడిందంటే పండిపోయిందని అర్థమని, మామూలు ఆకు రంగైతే ఆకుపచ్చ అంటారని.

సాంబమూర్తి గారు కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ వెంటనే లేచారు. "అంటే ఇన్నాళ్లూ తోట ఆకలితో అరుస్తోంటే నేను భేష్ భేష్ అంటూ ఉత్త నీళ్లు తాగించాను! లవణాలు ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటాయి. వాటితోపాటు తిండీ కొట్టుకుపోయింది. ఇవి ఏ ఆకులు? కిందివా, పైవా?"

"కిందియి. అన్నిట్లకెల్లి ఖరాబైనయి ఏరుకొచ్చిన, మీకు సూపెడ్దామని."

"పైవి ఎలా ఉన్నాయి?"

"నిన్నంత కరెంటు లేదు సార్. మోటరు కాడనే కూసున్న. పైకి సూడలేదు."

"చూడాలి. నేనే చూడాలి." అంటూ ఆయన చేతిసంచీలో పరికరాలు వేసుకోసాగారు. చిన్న మీటరు, కాగితపు పట్టీల డబ్బా, వంటింట్లో వెల్లుల్లి నలిపే పట్కారు లాంటిదొకటి. గుమ్మం దాకా వచ్చి ఆగారు.

"మేష్టారూ, రోడ్ల మీద ఉద్యమం జోరుగా ఉందంటున్నారు. నేను నోరు విప్పితే ఎక్కడివాణ్ణో తెలిసిపోతుంది."

"విప్పకండి."

"అది కష్టమండీ," అన్నారాయన నిజాయితీగా.

ఎల్‌.బి.నగర్ చౌరస్తాలో ఆటో ఆగిపోయింది. ఆ రోజు వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, పెద్ద గుండిగల్లో పులిహోర కలుపుతున్నారు. బండ్లన్నీ నిలిచిపోయాయి. ఆగినవాళ్లందరికీ విస్తరాకు చేతికిచ్చి వడ్డిస్తున్నారు. మా కాలనీ అండాలమ్మ గంటె పట్టుకుని నన్ను చూసింది.

"ఏం సార్, ఇయ్యాల టెంటుకు రాలె, ఆటోల తిరుగుతున్నవు? పట్టు విస్తరి. ఈ సార్ ఎవరు?"

"మా చుట్టం," అన్నాను.

సాంబమూర్తి గారు తల ఊపారు. విస్తరి అందుకున్నారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అంతే.

"అబ్బ! ఏం కుదిరిందండీ బాబూ! ఇంగువ వేశారు కదూ?"

గుండిగ చుట్టూ ఉన్న నలుగురూ తిరిగి చూశారు. సైదులు కళ్లు మూసుకున్నాడు.

"ఏ ఊరు సార్ మీది?" అండాలమ్మ అడిగింది.

"తెనాలండీ," అన్నారాయన చిన్నగా.

అండాలమ్మ ఒక్క క్షణం ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. "గట్లనా. అయితె గీ కారం మీకు సాలదు. ఆగుండ్రి, మిరపకాయ తొక్కు తెస్త."

తొక్కు వచ్చింది. ఆయన తిన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ వద్దనలేదు.

ఈలోగా సైదులు ఫోన్ మోగింది. జ్యోతిక గొంతు మా అందరికీ వినిపించింది.

"ఏడున్నవు? మేం తింటున్నం. ఒక సాలు అప్పుడే పీకినం. చేతులు కడుక్కొని తతిమ్మయి మొదలువెడ్తం."

"ఆగవే! సార్ వస్తున్నడు, ల్యాబ్ సార్ గూడ..."

"శుభం అన్న ఆయననా? ఆయనొచ్చి ఏం జేస్తడు, కొబ్బరికాయ కొడ్తడా?"

సైదులు ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. సాంబమూర్తి గారు విస్తరితో సహా నా పక్కకు జరిగి, "పై చిగుళ్లు ఎలా ఉన్నాయో అడగండి మేష్టారూ. అంతా దాన్లోనే ఉంది," అన్నారు.

"జ్యోతికా, నేను రామస్వామిని. ఇగురు ఎట్లుంది?"

"ఇగురా? మంచిగనే ఉన్నది సార్."

సాంబమూర్తి గారు నా మోచేయి పట్టుకున్నారు. "ఏవండీ, ఆవిడ అంత మండిపడుతుంటే మీరు కూర సంగతి అడుగుతారేమిటండీ!"

"ఇక్కడ ఇగురంటే చిగురు."

ఆయన నుదురు కొట్టుకున్నారు. "మరి మేం వండుకునే ఇగురును మీరేమంటారు?"

"కూర అంటం సార్. ఇంకేమంటం?" అన్నాడు సైదులు.

"సరే, చిగురు బాగుందందా? పసుపు... అదే, పచ్చ కాలేదూ?"

ఆ మాటే జ్యోతికను అడిగాను. ఆమె చెట్ల దగ్గరికి నడిచినట్టుంది. ప్లాస్టిక్ కప్పు గాలికి టపటపలాడే చప్పుడు వినిపించింది.

"కింద పచ్చగైనయి సార్. ఇగురు కాడ కాలే. ఆకుపచ్చగనే ఉన్నది."

"అయితే తోట చావలేదు!" సాంబమూర్తి గారి చేతిలో విస్తరి వంగిపోయింది. "కింది ఆకులు తమ దగ్గరున్నది తీసి పైకి పంపిస్తున్నాయి మేష్టారూ. అవి పసుపై, పై చిగురును బతికిస్తున్నాయి. తిండి పెడితే లేస్తుంది. పీకొద్దని చెప్పండి, ఒక్క చెట్టు కూడా!"

చెప్పాను.

"మీరు చెప్తె ఆగుత సార్," అంది జ్యోతిక. "గని ఆయన మల్ల నా ముంగట శుభం అంటె మాత్రం ఊకోను."

మా మాటలన్నీ అండాలమ్మ చెవిన పడుతూనే ఉన్నాయి. గంటె ఎత్తి అవతలి పిల్లలకు కేకేసింది. "అరేయ్, గా ఆటోకు తొవ్వ ఇడువుండ్రి! ఎవరిదో పంట సస్తుందంట!" రెండు పొయ్యిల నడుమ సందు చేసి, ఆటోను చేతులతో నెట్టి అవతలికి పంపించారు. వెనక నుంచి ఎవరో, తెనాలి సార్ జై తెలంగాణ అని అరిచారు. ఆయన ఆటోలోంచి తల బయటపెట్టి నమస్కారం పెట్టారు.

పాలీహౌస్ లోపల అడుగుపెడితే ఆవిరి తగిలింది. పైనుంచి దిగిన తాళ్లకు తీగలు వరసగా అల్లుకుని ఉన్నాయి. కింద సగం పసుపు, పైన సగం ఆకుపచ్చ. మొదటి సాలులో తాళ్లు ఖాళీగా వేలాడుతున్నాయి. పీకిన చెట్లు నేల మీద పడి ఉన్నాయి. జ్యోతిక కొంగు నడుముకు చుట్టి, మట్టి చేతులతో ఎదురొచ్చింది. సాంబమూర్తి గారికి దండం పెట్టింది గానీ నవ్వలేదు.

ఆయన ఆమెతో ఏమీ వాదించలేదు. మీటరు మట్టిలో గుచ్చి చూశారు. "లవణాలు పోయాయి. శుభ్రంగా కడిగేశారు. నేను చెప్పినదానికన్నా శుభ్రంగా." తర్వాత నాలుగైదు చెట్ల నుంచి ఆకుకాడలు తెంపి, ముక్కలు చేసి, ఆ పట్కారులో పెట్టి నొక్కారు. రసం చుక్క కాగితపు పట్టీ మీద పడింది.

"ఏం సూస్తున్నరు సార్?" జ్యోతిక వంగింది.

"మొక్క తిండి తింటోందా లేదా ఈ పట్టీ చెబుతుందమ్మా. నత్రజని ఉంటే ఇది గులాబీ రంగులోకి మారుతుంది. గులాబీ ఎంత ముదిరితే అంత మంచిది."

కూలికొచ్చిన ఇద్దరూ కిసుక్కుమన్నారు. జ్యోతిక కూడా పెదవి బిగించుకుంది. "ఆంధ్ర సార్ గులాబీ రావాలని మొక్కుతుండని టెంటుల గులాబీ జెండాలోళ్లకు చెప్తె ఎవరన్న నమ్ముతరా?"

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయనే అందరికన్నా గట్టిగా నవ్వారు. కానీ పట్టీ మారలేదు. తెల్లగానే ఉండిపోయింది. నవ్వు ఆగింది.

"తప్పు నాదమ్మా," అన్నారాయన. "రంగు చెప్పమన్నాను. ఏ రంగని అడగలేదు. ఒక్కసారి వచ్చి చూసినా సరిపోయేది."

జ్యోతిక ఆయన ముఖంలోకి చూసింది. "గిప్పుడేం జెయ్యాలె, గది చెప్పుండ్రి."

నీళ్లలో కరిగే ఎరువు కొంచెం కొంచెంగా డ్రిప్పులో పంపాలి. కానీ కరెంటు లేదు. సింగరేణి బొగ్గు గనుల్లో కూడా సమ్మె, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. సాయంత్రం దాకా ఆగుదామన్నాడు సైదులు. జ్యోతిక వినలేదు. తొట్టిలో ఎరువు కలిపించి, చెంబులూ మగ్గులూ ఏవి దొరికితే అవి అందరి చేతుల్లో పెట్టింది. పీకడానికి పిలిచిన కూలీలే మొదటి చెంబు పోశారు. సాంబమూర్తి గారు ప్యాంటు మడిచారు. ఎవరు ఎక్కువ పోసినా ఆయన పరుగున వచ్చి చెయ్యి పట్టుకునేవారు. "కొంచెం! కొంచెం అంటే కొంచెమే! మీ దగ్గర కొంచెం అంటే కొంచెమేగా?"

"జర అంటం సార్," అన్నాడు సైదులు.

"అయితే జర!"

నేనూ ఒక సాలు మొత్తం పోశాను. నడుం పట్టేసింది. చెప్పుల నిండా బురద. ఆ మధ్యాహ్నం ఇంటి సంగతి నాకు గుర్తు రాలేదు.

బయలుదేరేటప్పుడు జ్యోతిక గట్టిగా చెప్పింది. "సద్దుల బతుకమ్మ దాక సూస్త. ఆనాటికి చెట్టు లేస్తె సరే. లేవకుంటె నేను ఎవరి మాట వినను, మీది గూడ సార్."

తర్వాత రోజూ సైదులు సాంబమూర్తి గారికి ఫోన్ చేసేవాడు. నేను పక్కన ఉండాలి. ఆయన పచ్చ అనే మాట నిషేధించారు. అందుకని సైదులు పోలికలు వెతుక్కునేవాడు. ఒకరోజు నిమ్మకాయ తోలు లెక్క అన్నాడు. ఇంకోరోజు లేత చిక్కుడు లెక్క. పండుగ దగ్గర పడ్డాక, "సార్, గోంగూర ఆకు లెక్కైంది," అన్నాడు. అవతల పరికరాలు సంచీలో వేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"సార్, శుభం అనరా?"

"చూడకుండా అననయ్యా. వస్తున్నాను."

సద్దుల బతుకమ్మకు ముందు రోజు ముగ్గురం వెళ్లాం. సాంబమూర్తి గారు దారి పొడుగునా మాట్లాడలేదు. అంతసేపు ఆయన నోరు మూసుకోవడం సైదుల్ని మరీ భయపెట్టింది. పాలీహౌస్ ముందు ఆటో ఆగగానే ఆయన సంచీలోంచి పట్టీల డబ్బా తీసుకుని ముందు నడిచారు.

లోపల జ్యోతిక మావైపు వీపు తిప్పి మోకాళ్ల మీద కూర్చుని ఉంది. తను పీకేసిన మొదటి సాలులో ఒక్కో నారుమొక్కా పెడుతోంది. పక్కన ఇంకా నాటని మొక్కల ట్రే. ఆమె వెనక సాళ్లలో తీగలు తాళ్ల పొడుగునా పైకి పాకాయి. ప్రతి పూవు వెనకా వేలెడంత కాయ ఉంది.

సాంబమూర్తి గారు డబ్బా మూత తీయబోయి, ఆమె చేతులవైపు చూసి, మళ్లీ మూసేశారు.

"జ్యోతికా," అన్నాడు సైదులు. "గిదేంది? రేపటి దాక సూస్త అన్నవు గద?"

"సూశిన." ఆమె తల తిప్పలేదు. "సాలు ఖాళీగ ఉంచితె ఎట్ల? నారు పొద్దున తెప్పిచ్చిన. రామస్వామి సార్, మీరు ఊకెనే నిలవడకుండ్రి, గా దారం అందుకొని అవతలి తీగెలు కట్టుండ్రి. రేపు పండుగ, మీకు పని లేదు గద, ఇటే రాండ్రి. బువ్వ మాతోనే."

దారం ఉండ అందుకున్నాను.

సైదులు ఇంకా నమ్మలేనట్టు అక్కడే నిలబడ్డాడు. "అయితె ఆటో అమ్మేద్దామా?"

జ్యోతిక అప్పుడు లేచి నిలబడింది. మట్టి చేతులు నడుం మీద పెట్టుకుంది.

"ఆటో అమ్మి, కీరలు వనస్థలిపురం రైతుబజార్‌కు నీ నెత్తి మీద పెట్టుకొని తీస్కపోతవా?"